మడిచిన వేలు

హెరాన్ ఫాల్స్
13 అక్టోబర్ 1974

అక్కా,

ఎలా ఉన్నావు? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా, లేక వద్దన్నా వినకుండా మేడమెట్లు ఇంకా నువ్వే తుడుస్తున్నావా? లియో బావ కాలి బొటనవేలి వాపు ఎలా ఉంది? బీరు మానమన్నాడని డాక్టరునే మార్చేశాడట కదా, డాక్టరు మారితే వేలు ఊరుకుంటుందా, కాస్త గట్టిగా చెప్పు. పై వాటాలో అద్దెకున్న ముసలాయన దగ్గు ఎలా ఉంది? నీ పిల్లి కంటికి మందు వేయించావా? ఇక్కడ నా రక్తపోటు ఎప్పటిలాగే ఉంది. అరిజోనా నుంచి అమ్మాయి ఫోను చేసింది, అల్లుడి ఊపిరితిత్తులకి అక్కడి పొడిగాలి పడిందట. మనవరాలు రెనాటాకి జలుబు కూడా లేదు. అందరూ బాగానే ఉన్నారు. అందుకే నాకు భయంగా ఉంది.

అక్కా, నీ సాయం కావాలి. మీ మిల్వాకీలో బ్రేక్‌వాటర్ అని పెద్ద కోర్ ఉందట. డ్రమ్ములూ, బ్యూగిళ్ళనే బాకాలూ. బ్యాండు అన్నావంటే రెనాటా కరిచినంత పని చేస్తుంది, కోర్ అనాలి. దేశమంతా తిరిగి పోటీల్లో కవాతు చేస్తూ వాయిస్తారట. అందులో స్నేర్ డ్రమ్ముకి, అదే నడుముకి తగిలించుకుని రెండు పుల్లలతో వాయించే చిన్న డ్రమ్ముకి, పరీక్ష పెడుతున్నారు. నవంబర్ ఆఖర్న, టర్కీకోడి వండుకునే థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు మొదలు. నెగ్గితే చలికాలమంతా నెలకోసారి వచ్చి సాధన చేయాలి. రాత్రుళ్ళు బడి జిమ్ములో, నేల మీద, అందరూ కలిసి పడుకుంటారట! పదిహేడేళ్ళ పిల్ల! అందుకే వచ్చినప్పుడల్లా నీ ఇంట్లో పడుకోనిస్తావా?

సాధన ఎలా చేస్తోందో చూస్తే నీకు నవ్వొస్తుంది. నా బాతు ఈకల దిండు బల్ల మీద పెట్టి దాన్ని డ్రమ్ము పుల్లలతో కొడుతుంది. దిండు మీద పుల్ల ఎగరదు కదా, మణికట్టే లేపాలి, అలా చెయ్యి గట్టిపడుతుందట. సాయంత్రమంతా ఇల్లు దడదడ. మొన్న దిండు కుట్టు విడిపోయి ఈకలు సూపులో పడ్డాయి. నేను తీసి పారేసి మళ్ళీ వేడి చేశాను.

అసలు భయం వేరే. ఈ పిల్ల అమ్మానాన్నలతో అరిజోనా వెళ్ళకుండా నా దగ్గరెందుకు ఉండిపోయిందో నీకు తెలుసు కదా. మా చర్చి కోర్ కోసం. సెయింట్ కాజిమీర్‌ని వదిలి రానంది. ఇప్పుడు దాన్నే వదిలి వెళ్తానంటోంది. ఆ కోర్ నడుపుతూ డ్రమ్ములు నేర్పిన బ్రోంక్ గారికి ఇంకా చెప్పలేదు. పోయినేడు ఇద్దరు అబ్బాయిలు పెద్ద కోర్‌లకి వెళ్ళిపోతే ఆయన వాళ్ళ తల్లులతో ఈ రోజుకీ మాట్లాడడు. ఇప్పుడు మాకు మిగిలినవి మూడు స్నేర్ డ్రమ్ములు. రెనాటా వెళ్తే రెండు. అందులో ఒకడికి కుడికాలేదో ఎడమకాలేదో తెలియదు.

ఏం చెయ్యను?

నీ చెల్లెలు
పోలా

*

మిల్వాకీ
20 అక్టోబర్ 1974

పోలా,

పిల్లని పంపు. ముందు గదిలో మంచం ఉంది, పిల్లిని దింపితే సరి.

మోకాళ్ళు ఉన్నాయి. బావ వేలు ఉంది. పై వాటా ఆయన దగ్గుతూనే ఉన్నాడు, ఆగితే భయపడదాం. నువ్వు మాత్రం ఈకలు పడ్డ సూపు ఎవరికీ పెట్టకు.

బ్రోంక్‌కి చెప్పడానికి అంత భయమెందుకే? ఆయన కాగితం మిల్లులో మనిషి, రోములో పోపుగారు కాదు. ఆదివారం పూజ అవగానే మెట్ల మీద నిలబెట్టి, “అయ్యా, మా పిల్లకి రెక్కలొచ్చాయి, ఎగరాలని చూస్తోంది” అను. కోప్పడితే కోప్పడనీ. ఎటూ చెప్పక తప్పదు. నేను ఈ పక్కింటి వాళ్ళని అడిగాను. పాత కోర్ పెద్ద నోటితో “పంపుతున్నాం” అంటే తప్ప కొత్త కోర్ పిల్లని తీసుకోదట. లేకపోతే పిల్లల్ని ఎత్తుకుపోయారని గొడవలవుతాయట.

ఇప్పుడే చెప్పు. ఆలస్యం చేసిన కొద్దీ నీ నోట్లోంచి ఏం ఊడిపడుతుందో నాకు భయం.

స్టాషా

*

హెరాన్ ఫాల్స్
24 నవంబర్ 1974

అక్కా,

నువ్వు భయపడినంతా అయింది. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

చెబుదామనే వెళ్ళాను. పూజ అయ్యాక మెట్ల మీద బ్రోంక్ గారే నా దగ్గరికొచ్చారు. “పోలా గారూ, పండుగ తరవాత ఆదివారం సాధనకి రెనాటా రాదంటోంది. ఎనిమిదో ఏట నుంచి ఒక్క ఆదివారం మానని పిల్ల. ఒంట్లో బాగాలేదా?” అన్నారు. ఆయన ముఖం చూశాను. “పిల్లకి కాదండీ, మా అక్కకి” అన్నాను.

“స్టాషా గారికా? ఏమైంది?”

“గుండె” అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. “చూసుకునేవాళ్ళు లేరు, నెలకోసారి పిల్ల వెళ్ళి వండిపెట్టి రావాలి.”

ఆయన టోపీ తీసేశారక్కా. ఆ మంచులో, బట్టతలతో. “మంచి పిల్ల” అని మాత్రం అన్నారు. నాకు అక్కడే నేలలోకి దిగిపోవాలనిపించింది.

ఇంటికొచ్చి చెబితే రెనాటా పుల్లలు కింద పడేసింది. “అమ్మమ్మా! పెద్దమ్మమ్మని చంపేశావా?” అంది. చంపలేదు, మంచం ఎక్కించానంతే అన్నాను. తరవాత పిల్ల చాలాసేపు దిండు కొట్టలేదు.

నన్ను తిట్టు. కానీ నీ గుండె మీద చెయ్యి వేసుకుని ఒకసారి చూసుకో, బాగానే కొట్టుకుంటోందా? వచ్చే శుక్రవారం బస్సుకి పిల్ల వస్తుంది. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పెట్టాను, తడవకుండా చూడు. అబ్బాయిలతో మాట్లాడనివ్వకు. ఆకలికి ఓర్చుకోలేని పిల్ల.

పోలా

*

మిల్వాకీ
3 డిసెంబర్ 1974

ఓసి పిచ్చిదానా,

పిత్తాశయం అనుంటే పోయేది. అది నాకు ఎలాగూ లేదు, కోసి తీసేశారు, పాపం ఉండేది కాదు. గుండె ఎందుకే? బావకి చదివి వినిపిస్తే, “అయితే ఇవాళ గిన్నెలు నేను కడగాలా?” అన్నాడు. కడగలేదు.

సరే, పిల్ల సంగతి విను. శుక్రవారం బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్ళింది, మిగతా రెండు రోజులూ పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చింది. ఆదివారం నేనూ వెళ్ళి జిమ్ము తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల బ్యూగిళ్ళు ఒక్కసారి ఎత్తితే నా పళ్ళ సెట్టు కదిలింది. స్నేర్ డ్రమ్ముకి వచ్చినవాళ్ళు ఓ పాతికమంది, తీసుకునేది తొమ్మిదిమందిని. ఆడపిల్ల ఇదొక్కతే. వరసలో నిలబెట్టి ఒకళ్ళ తరవాత ఒకళ్ళ చేత వాయించి, కొంతమందిని ఇంటికి పంపేశారు. మన పిల్లని ఉంచారు. మళ్ళీ రమ్మన్నారు.

కానీ ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఎందుకో నీకు చెప్పిందా? చెప్పి ఉండదు. నేను చెబుతున్నాను, బ్రోంక్ చెవిన వెయ్యకు.

స్నేర్ వాయించేటప్పుడు ఎడమ అరచెయ్యి పైకి తిప్పి పట్టుకోవాలి. పుల్ల ఉంగరం వేలి మీద ఆనాలట, బలమంతా ఆ వేలిదేనట. మన పిల్ల ఆ వేలు లోపలికి మడిచేసి చిటికెన వేలి మీద ఆనించి వాయిస్తోంది. అక్కడ నేర్పేవాడు చూసి, “ఆ వేలికి దెబ్బ తగిలిందా?” అన్నాడట. లేదంది. “మరి ఎందుకు మడిచావు? పోయినేడు నేను వేరే చోట నేర్పేటప్పుడు మీ ఊరి నుంచి పరీక్షకి వచ్చిన ఇద్దరూ అలాగే మడిచారే!” అన్నాడట.

అప్పుడు తట్టిందట పిల్లకి. బ్రోంక్‌కి ఎడమచేతి ఉంగరం వేలు లేదు కదా! మిల్లులో రోలర్ల కింద పోయింది. అకార్డియన్ వాయించే మనిషి, వేలు పోయాక అది వదిలేసి డ్రమ్ము పట్టాడు. ఆయన చెయ్యి చూసి నేర్చుకున్న పిల్లలంతా, చిన్నప్పటి నుంచీ, లేని వేలిని కూడా నేర్చేసుకున్నారే పోలా! ఊరు ఊరంతా!

నాకు ముందు నవ్వొచ్చింది. పిల్ల ముఖం చూసి ఆపుకున్నాను. “ఆ వేలు చాపితే ఆయన్ని తప్పు పట్టినట్టుంటుంది పెద్దమ్మమ్మా” అంది. చాపకపోతే తీసుకోరు. నెల రోజుల్లో చెయ్యి మార్చుకోవాలి.

స్టాషా

*

హెరాన్ ఫాల్స్
18 డిసెంబర్ 1974

అక్కా,

క్రిస్మస్‌కి చర్చిలో ఇచ్చిన పల్చటి అప్పం ముక్క ఇందులో పెట్టాను. విరిగి ఉంటే నలిగినవన్నీ ఏరుకుని నువ్వూ బావా పంచుకోండి. నన్ను క్షమించి తిను.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో చెబుతాను. ప్రతి ఆదివారం పూజలో ఫాదర్ వాలెంటీ జబ్బుగా ఉన్నవాళ్ళ పేర్లు చదువుతారు. నీ పేరు చదువుతున్నారు. పూర్తి పేరు! అందరూ మోకాళ్ళ మీద ఉంటే నేను మాత్రం బల్ల కిందికి దూరిపోతానేమో అన్నట్టు వంగుతున్నాను. జపమాల సంఘం వాళ్ళు మంగళవారాలు నీ కోసం జపం చేస్తున్నారు. మిసెస్ కుబియాక్ ఉందే, చెవుడు, ఆవిడ ప్రతిసారీ గట్టిగా, “పోలా, మీ అక్క ఉందా, పోయిందా?” అని అడుగుతుంది. ఉందండీ అంటాను. “మన జపం పనిచేస్తోంది!” అంటుంది.

రెనాటా బుధవారాలు సెయింట్ కాజిమీర్ సాధనలో వేలు మడుస్తుంది. గురువారం ఇంట్లో దిండు మీద చాపుతుంది. ఒకరోజు బ్రోంక్ గారు, “ఏంటమ్మా, ఎడమచెయ్యి తడబడుతోంది? పెద్దమ్మమ్మ గురించి దిగులా? నిద్రపో సరిగ్గా” అన్నారట. అన్నం తినలేదు ఆ పూట.

ఇంకా విను. పండుగ తరవాత సాధన ఉంది కదా. ఆ శుక్రవారం మంచు పడితే బస్టాండు దాకా తన కారులో తనే దింపుతానని బ్రోంక్ గారు ఇప్పుడే చెప్పి వెళ్ళారు. పోయినసారీ ఆయనే దింపారు, నీకు రాయలేదు, సిగ్గేసి. రెనాటా సంచీ ఆయనే మోశారు. “ఇంత బరువేంటమ్మా, ఇస్త్రీపెట్టె తీసుకెళ్తున్నావా?” అన్నారు. లోపల పుల్లలూ, దిండుకి బదులు కొట్టుకునే రబ్బరు పలకా. “పెద్దమ్మమ్మ బట్టలకండీ” అంది పిల్ల. అబద్ధం నేను మొదలుపెడితే పిల్ల అందుకుంది. అది నేను నేర్పిన పాఠం. ఆయన నేర్పింది వేలు మడవడమే. నేను నేర్పింది ఇది.

నీకు గసగసాల రొట్టె పంపుతున్నారు ఆయన. స్వయంగా చేశారు. తినగలిగితే తిను.

పోలా

*

మిల్వాకీ
6 జనవరి 1975

పోలా,

రొట్టె బాగుంది. కాస్త మాడింది, బావకి అదే ఇష్టం. నేను ఓ ముక్క తిన్నాను. పండుగనాడు హెర్రింగ్ చేప కూడా పెద్దగా తినబుద్ధి కాలేదు, ఆకలి లేదు, వయసు కదా.

పిల్ల వేలు చాపుతోంది. ఎనిమిదిమందిని ఖాయం చేశారు. ఆఖరి డ్రమ్ము ఒకటే మిగిలింది, దానికి ఇదీ, రసీన్ నుంచి వచ్చిన ఓ కుర్రాడూ. జనవరి నెలాఖరు ఆదివారం ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి తేలుస్తారట.

పెన్ను బాగాలేదు. అందుకే గీతలు వంకర. వేరేలా అనుకోకు.

స్టాషా

*

హెరాన్ ఫాల్స్
29 జనవరి 1975

అక్కా,

ఏమైంది? రెనాటా ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. తీసుకున్నారా అంటే, “తేలలేదు” అంది. ఎందుకు తేలలేదంటే దిండు తీసుకుని గదిలోకి పోయింది. కొట్టనూ లేదు. చప్పుడు లేకపోతే ఈ ఇల్లు నాకు భయమేస్తోంది.

నీ పోయిన ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. పెన్ను బాగాలేకపోతే సిరా తగ్గుతుంది, గీత వంకర పోదు. నువ్వు హెర్రింగ్ వదిలేసిన పండుగ నాకు తెలిసి లేదు. మన అమ్మ పోయిన ఏడాది కూడా నువ్వు తిన్నావు, ఏడుస్తూ తిన్నావు.

అక్కా, నిజం చెప్పు. నేను అన్న మాట నీకు తగిలిందా?

పోలా

*

మిల్వాకీ
4 ఫిబ్రవరి 1975

పోలా,

నీకు చెప్పొద్దని పిల్ల చేత ఒట్టు వేయించుకుంది నేనే. దాన్ని ఏమీ అనకు.

ఆ ఆదివారం పొద్దున, పిల్ల బయల్దేరుతుంటే, కాఫీ పోస్తూ వంటింట్లో పడిపోయాను. బావ పైన ముసలాయనకి పేపరు ఇవ్వడానికి వెళ్ళాడు. పిల్ల సంచీ అక్కడే పడేసి, ఆంబులెన్సు పిలిచి, నాతోనే ఆసుపత్రికి వచ్చింది. గుండేనట. చిన్నదేనట. నాలుగు రోజులుంచి పంపేశారు. ఇప్పుడు బావే గిన్నెలు కడుగుతున్నాడు, సగం పగలగొట్టాడు.

నువ్వు అన్నందుకు నాకు రాలేదు. అలా అయితే మిసెస్ కుబియాక్ జపానికి నేను ఈపాటికి పరిగెత్తాలి. డాక్టరు పందికొవ్వు అన్నాడు, చెల్లెలు అనలేదు.

కానీ పిల్ల ఆఖరి పరీక్షకి వెళ్ళలేదు. అక్కడ పేరు పిలిచారట, లేదు. రసీన్ కుర్రాడు ఒక్కడే వాయించాడట. నేను ఆసుపత్రి నుంచి బావ చేత ఆ బ్రేక్‌వాటర్ పెద్దకి ఫోను చేయించాను. ఆ పెద్దమనిషి మంచివాడే. ఫిబ్రవరి ఇరవై రెండున ఇంకొక్కసారి ఇద్దర్నీ వింటానన్నాడు. అయితే ఈసారి తేల్చే ముందు పాత కోర్ పెద్ద మాట కావాలన్నాడు. అది లేకపోతే తీసుకోనన్నాడు.

కాబట్టి చూడు. ఇప్పుడు నువ్వు చెప్పిన అబద్ధం అబద్ధం కాదు. నాకు గుండె, పిల్ల వచ్చి చూసుకుంది. ఎవరూ నిన్ను పట్టుకోలేరు. “అక్కడికి వెళ్ళాక ఆ కోర్ చూసి ఇష్టపడింది” అని బ్రోంక్‌తో చెబితే ఆయన నమ్ముతాడు, సరేనంటాడు కూడా. బావ ఇదే చెప్పమంటున్నాడు.

నేను నీకు ఏమీ చెప్పను. నీ నోరు, నీ ఇష్టం.

స్టాషా

*

హెరాన్ ఫాల్స్
13 ఫిబ్రవరి 1975

అక్కా,

నీ ఉత్తరం చదివిన రోజు నుంచీ రెండు పూటలా నీ కోసం నేనే జపం చేస్తున్నాను, నిజం జపం. ఉప్పు తగ్గించు. మెట్లెక్కకు. బావని నీ పక్క నుంచి కదలనివ్వకు.

బావ చెప్పినట్టే చేద్దామనుకున్నాను. వారం రోజులు ఆ మాటే నోట్లో తిప్పుకున్నాను. నిన్న బూడిద బుధవారం, పూజ అయ్యాక చర్చి కింద హాల్లో బ్రోంక్ గారు డ్రమ్ములు సర్దుతుంటే వెళ్ళాను. ఇద్దరి నుదుటి మీదా బూడిద ఉంది.

“స్టాషా గారికెలా ఉంది?” అన్నారు.

“పోయిన నెల గుండెనొప్పి వచ్చిందండీ.”

“అయ్యో, మళ్ళీనా?”

ఆ ఒక్క మాటతో అయిపోయిందక్కా. అవునంటే చాలు. కానీ నా నోరు, “మళ్ళీ కాదండీ. అదే మొదటిసారి” అంది.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. పెద్ద డ్రమ్ము పెట్టె మీద కూర్చున్నారు. అంతా చెప్పాను. మెట్ల మీద అబద్ధం, పరీక్ష, సంచీ. సంచీ దగ్గర ఆయన నన్ను ఆపారు. “ఆ సంచీ నేనే మోశాను” అన్నారు.

“అవునండీ.”

“ఇస్త్రీపెట్టె కాదు.”

“కాదండీ. పుల్లలూ, పలకా.”

“పూజలో పేరు చదివినప్పుడల్లా ఆమె కోసం నేను మోకాళ్ళ మీద ఉన్నాను పోలా గారూ. నా మోకాళ్ళు మంచివి కావు.”

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. “నాకు చెప్పడానికి అంత భయమెందుకు?” అన్నారు. పోయినేడు వెళ్ళిన పిల్లల తల్లులతో మీరు మాట్లాడరు కదండీ అన్నాను. నిజమే కదా మరి.

పంపుతున్నానని ఒక్క మాట ఫోనులో చెప్పమని బతిమాలాను. “ఫోనులో చెప్పను. నేనే వస్తాను. వింటాను. అక్కడ నిలబడే లాయకీ ఉంటే మాట ఇస్తాను. లేకపోతే నా కారులోనే వెనక్కి తెచ్చేస్తాను” అన్నారు. టోపీ పెట్టుకుని పైకి వెళ్ళిపోయారు.

అన్నీ చెప్పాను గానీ, వేలి సంగతి మాత్రం నోరు రాలేదు. ఆయన చెయ్యి నా ముందే ఉంది, డ్రమ్ము మీద. ఎలా చెప్పను? ఇప్పుడు ఆయన వచ్చి కళ్ళతో చూస్తారు. రెనాటా వేలు మడిస్తే డ్రమ్ము పోతుంది, చాపితే ఆయన మనసు విరుగుతుంది. అడిగితే, “నాకు తెలీదు అమ్మమ్మా, అక్కడే చూస్తాను” అంటోంది.

నేను రావడం లేదు. ముఖం లేదు. ఏం జరిగిందో వెంటనే రాయి.

పోలా

*

మిల్వాకీ
24 ఫిబ్రవరి 1975

పోలా,

పడుకునే రాస్తున్నాను, బావ దిండ్లు పెట్టాడు. వంకరగా ఉంటే దిండ్ల తప్పు.

శనివారం నేను వెళ్ళలేదు. జరిగింది సగం పిల్ల చెప్పింది, సగం బ్రోంక్ చెప్పాడు.

జిమ్ములో ఆయన వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడట, కోటు కూడా విప్పకుండా. ముందు రసీన్ కుర్రాడు వాయించాడు. తరవాత పిల్ల. డ్రమ్ము తగిలించుకుని, పుల్లలు పట్టుకుని, ఆయన వైపు చూసిందట. చూసి, వేలు చాపింది. “మడిచి ఓడిపోతే ఆయన వల్లే ఓడిపోయినట్టు కదా పెద్దమ్మమ్మా” అంది నాతో. ఆ బుద్ధి మన ఇద్దరిలో ఎవరికీ లేదు.

వాయించింది. బాగా వాయించిందని పిల్ల అనలేదు, బ్రోంక్ అన్నాడు. “ఎడమచెయ్యి కుడిచేతితో సమానంగా పలికింది. నా దగ్గర ఎప్పుడూ అలా పలకలేదు” అన్నాడు.

అయ్యాక దగ్గరికొచ్చి, “రెనీ, ఆ వేలు ఎప్పుడు బయటికొచ్చింది?” అన్నాడట. పిల్ల ఏడుపు. ఆయన తన ఎడమచెయ్యి తీసి దాని చేతి పక్కన పెట్టి చూసుకున్నాడట. ఒకటి, రెండు, ఖాళీ. అప్పుడు అర్థమైంది మనిషికి. “అంటే మీరందరూ... ఇన్నేళ్ళూ... నన్ను చూసి?” అని నవ్వడం మొదలుపెట్టాడట. నవ్వు మధ్యలో ఆగిపోయిందట. “ఒక్కళ్ళు చెప్పలేదేం?” అన్నాడట. ఎవరు చెబుతారు పోలా? వాళ్ళకీ తెలిస్తే కదా.

తరవాత ఆ బ్రేక్‌వాటర్ పెద్ద దగ్గరికి వెళ్ళి, “సెయింట్ కాజిమీర్ పిల్ల. పంపుతున్నాను. చెయ్యి మీరు సరిచేశారు, ఒప్పుకుంటాను. నడక జోలికి మాత్రం రాకండి, అది నేను నేర్పింది, సరిగ్గానే ఉంది” అన్నాడట. తొమ్మిదో డ్రమ్ము మన పిల్లదే. రసీన్ కుర్రాడికి వాయించడానికి కంచు తాళాలు ఇచ్చారు.

సాయంత్రం ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. ఆయన నా మంచం పక్క కుర్చీలో కూర్చుని, నన్ను కాసేపు పరిశీలనగా చూశాడు, నిజంగానే జబ్బా అన్నట్టు. “నిజమేనండీ, కావాలంటే డాక్టరుకి ఫోను చేయండి” అన్నాను. అప్పుడు నవ్వాడు. నీ గురించి అడగలేదు. నేనూ ఎత్తలేదు.

స్టాషా

*

హెరాన్ ఫాల్స్
16 మార్చి 1975

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాను. పిల్ల పగలూ రాత్రీ దిండు కొడుతోంది, కొత్త దిండు కుట్టాను. సంతోషించాలి కదా, సంతోషంగానే ఉంది. కానీ వేసవిలో ఆ బస్సులు రాత్రంతా నడుస్తాయట, డ్రైవరు నిద్రపోతే? సరే, అది తరవాత.

పోయిన మంగళవారం జపమాల సంఘంలో లేచి నిలబడి చెప్పేశాను. మీరు నవంబర్ నుంచి చేసిన జపం అబద్ధానికి చేశారు, జబ్బు వచ్చింది జనవరిలో, తప్పు నాది అన్నాను. కొందరు ఈ రోజుకీ నాతో మాట్లాడడం లేదు, కాఫీ బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటోంది. మిసెస్ కుబియాక్‌కి మాత్రం పక్కావిడ చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, “అయితే ముందుగానే చేసేశామన్న మాట. అందుకే చిన్నదానితో పోయింది” అంది.

బ్రోంక్ గారు నిన్న మా గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. “మిమ్మల్ని క్షమించి వచ్చానని అనుకోకండి. దీని కోసం వచ్చాను” అని ఊరేగింపులో వేసుకునే తెల్ల చేతితొడుగు తీశారు, ఎడమచేతిది. ఉంగరం వేలు ఎప్పుడూ లోపలికి మడిచి పిన్ను పెట్టి ఉండేది. ఆ పిన్ను తీసేశారు. “ఈ వేలు నింపి పెట్టండి. గట్టిగా, వంగకుండా. ఈ సోమవారం నుంచి కొత్తగా ఆరుగురు చిన్నపిల్లలు వస్తున్నారు. చూసి నేర్చుకునేవాళ్ళు కదా” అన్నారు.

చిరిగిన దిండు ఈకలు దాచి ఉంచాను. వాటితో నింపాను. మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టాను, వంకర వస్తుందేమోనని. ఆయన వేసుకుని, నా బల్ల మీదున్న రెనాటా పుల్ల ఒకటి తీసుకుని ఆ వేలి మీద ఆనించి చూశారు. నిలబడింది. “ఊఁ” అన్నారు. వెళ్ళబోతూ, తలుపు దగ్గర ఆగి, పోయినేడు వెళ్ళిన అబ్బాయిల్లో ఒకడి తల్లి ఇల్లు ఇప్పుడు ఏ వీధిలో అని అడిగారు. చెప్పాను.

ఇంకో మాట. సంఘం వాళ్ళు నిన్ను కళ్ళతో చూసి తీరాలంటున్నారు, ఇన్ని జపాలు చేసిన మనిషి ఎలా ఉందో అని. మిసెస్ కుబియాక్, ఇంకో ఇద్దరు. కారు బ్రోంక్ గారిది. నన్ను రమ్మని ఆయన అనలేదు, “ముందు సీటు ఖాళీ ఉంది” అన్నారు. వస్తున్నాను. పడుకుని ఉండకు అక్కా, డాక్టరు ఒప్పుకుంటే నువ్వే లేచి తలుపు తియ్యి. వాళ్ళ ముందు నీ కాళ్ళ మీద నువ్వు నిలబడటం నేను చూడాలి. ఈస్టర్ దాటిన ఆదివారం, ఏప్రిల్ ఆరు, పొద్దుటి పూజ అవగానే బయల్దేరతాం.

పోలా